గోదావరి అవతలి బడి, మెకాంగ్ ఒడ్డున పుస్తకం
(ఆర్మూరులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసానికి నిధి పెట్టిన కుటుంబం ఒకే ఒక్క కోరిక కోరింది. ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆయన పేరు వేదిక మీద పలకవద్దు, అచ్చులోనూ వేయవద్దు అని. ఆయన బతికినన్నాళ్లూ ఎంతమంది పిల్లల చదువుకు చెయ్యి అందించారో అందుకున్నవాళ్లకే తెలుసు. కుటుంబం కోరిక మన్నిస్తున్నాను. నిధి వడ్డీలో కొంత మన ఊరివాళ్లు కాని, మన భాష మాట్లాడని పిల్లలకు అందాలని ఆయన రాసి వెళ్లారట. అందుకే నిర్వాహకులు ఈసారి నాకు ఇచ్చిన విషయం: లావోస్ పిల్లలకు, లావోస్ సంస్కృతికి అండగా నిలిచే సేవాసంస్థలు, వాటికి మనం చేయగల సాయం.

ఆర్మూరులో లావోస్ ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ దూరం అనేది ఈ ఊరికి కొత్త కాదు. ఇక్కడి ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది దుబాయి నుంచో మస్కట్ నుంచో వచ్చే జీతంతో. తండ్రి గొంతు ఫోన్‌లోనే విని పెరిగిన పిల్లలు ఈ సభలో కూడా ఉన్నారు. దూరం నుంచి వచ్చే డబ్బు ఇంటిని ఎలా నిలబెడుతుందో, ఏమి ఇవ్వలేకపోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పరభాష బిడ్డకు చదువు పేరుతో సాయం చేస్తూ ఆ బిడ్డ ఇంటి భాషను గుమ్మం బయట వదిలి రమ్మంటే, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే. సాయం చేసేవాళ్లు మొదట చూసుకోవలసింది దీన్నే.

లావోస్ సముద్రం లేని దేశం. వైశాల్యంలో మన తెలంగాణకు రెండింతలు, జనాభా మాత్రం మనలో ఐదో వంతు, ముప్పావు కోటి. పడమటి పక్కన ఎక్కువ దూరం మెకాంగ్ నదే సరిహద్దు. మన దేశంతో దాని సంబంధం పాతదే. రామకథను వాళ్లు ఫ్రా లాక్ ఫ్రా లామ్ అని తమ కథగా చెప్పుకుంటారు. దక్షిణాన చంపాసక్ దగ్గరి వాట్ ఫూ శివాలయం 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ కూలుతున్న మండపాలను నిలబెట్టే పనిలో మన పురావస్తు శాఖ నిపుణులు పాలుపంచుకున్నారు. 1954లో జెనీవా ఒప్పందం తర్వాత లావోస్‌లో శాంతి పర్యవేక్షణకు వేసిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించింది కూడా భారతదేశమే. ఆ శాంతి నిలవలేదు.

1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు లావోస్ మీద 5,80,000 సార్లు బాంబుదాడికి వెళ్లాయి. 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. వాటిలో క్లస్టర్ బాంబుల కడుపున ఉండే చిన్న గుండ్లు 27 కోట్లు. పేలకుండా మట్టిలో ఉండిపోయినవి దాదాపు 8 కోట్లని అంచనా. వాటిని అక్కడి జనం బాంబీలంటారు. పిడికిట్లో పట్టే బంతిలా ఉంటాయి. పొలం దున్నే రైతు నాగలికి తగులుతాయి, ఆడుకునే పిల్లల చేతికి దొరుకుతాయి. యుద్ధం ఆగి యాభై ఏళ్లు దాటినా, ఆ యుద్ధం పేరు కూడా వినని పిల్లలు కాళ్లూ చేతులూ పోగొట్టుకుంటున్నారు. తవ్వితేనే పంట చేతికొచ్చే పసుపు రైతుకు ఈ మాటలోని భయం వెంటనే అర్థమవుతుంది. గునపం దింపే ప్రతిచోటా ప్రాణం పణంగా పెట్టాలంటే ఎవరు సాగు చేస్తారు? రాజధాని వియంతియాన్‌లో కోప్ అనే సంస్థ 1997 నుంచి ఇలాంటివాళ్లకు కృత్రిమ అవయవాలు అమర్చి నడిపిస్తోంది. నేలలోని బాంబులు తీసే పని దేశంలోని సంస్థలూ బయటి సంస్థలూ కలిసి చేస్తున్నాయి. 2016లో లావోస్ వెళ్లిన అమెరికా అధ్యక్షుడు ఒబామా ఈ పనికి మూడేళ్లలో 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. వేసినవాళ్లు ఇవ్వవలసిందే. అందులో దానం ఏమీ లేదు.

1975లో రాజరికం పోయి కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. ఆ మార్పు చుట్టూ ఉన్న ఏళ్లలో జనాభాలో దాదాపు పదో వంతు దేశం విడిచిపోయారు. అప్పటికే చదువుకోసం జపాన్ వెళ్లి అక్కడే ఉండిపోయిన లావో మహిళ చంతసోన్ ఇంతవోంగ్. తన దేశపు పిల్లలకు బొమ్మల పుస్తకాలు లేవన్న బాధతో 1982లో టోక్యోలో కొందరు స్నేహితులతో కలిసి, లావోస్ పిల్లలకు పుస్తకాలు పంపే సంఘం పెట్టారు. జపాన్ పుస్తకాల్లోని అక్షరాల మీద లావో అనువాదం కాగితాలు అతికించి పంపేవారు. మంచి పనే. అయితే ఆ బొమ్మల్లో ఇళ్లు జపాన్ ఇళ్లు, తిండి జపాన్ తిండి. తర్వాత ఆ సంఘం లావోస్‌లోనే, లావో రచయితలతో, చిత్రకారులతో పుస్తకాలు వేయించడం మొదలుపెట్టింది. నాకు ఈ మలుపే అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. పుస్తకం పంపడం దగ్గర ఆగక, పుస్తకం పుట్టే చోటికి వెళ్లారు. ఇవ్వడం తెలిసినవాళ్లు చేసే పని అది.

లువాంగ్ ప్రబాంగ్ పట్టణంలో 2006లో మొదలైన బిగ్ బ్రదర్ మౌస్ కూడా అదే దారి. ఒక అమెరికన్ ప్రచురణకర్త అక్కడి యువకులతో కలిసి పెట్టిన సంస్థ. కథ రాసేదీ బొమ్మ వేసేదీ ఎక్కువగా లావో యువతే. పుస్తకాలు మూటగట్టుకుని కొండ ఊళ్ల బళ్లకు వెళ్తారు. ఆ రోజంతా పండగ, ఆటలు, పాటలు. సాయంత్రానికి ప్రతి పిల్లవాడి చేతికీ సొంతంగా ఒక పుస్తకం. దాతలు ఒక ఊరి పండగ ఖర్చు భరిస్తారు. అదే ఊళ్లో అదే ఏడు మొదలైన ఇంకో సంస్థ, జాతుల కళలూ జీవనమూ చూపే మ్యూజియం. చేనేత, బుట్టల అల్లిక, కుట్టుపని చేసే ఊళ్ల ఆడవాళ్లకు అక్కడి అంగడిలో సరుకు అమ్ముడుపోతే డబ్బు అందుతుంది. 2019లో ఇటలీకి చెందిన ఒక పెద్ద దుస్తుల సంస్థ ఓమా జాతి స్త్రీల కుట్టును అచ్చుగుద్ది అమ్మితే, గట్టిగా నిలదీసింది ఆ మ్యూజియమే. సంస్కృతిని కాపాడటమంటే జెండా పండగనాడు నాట్యం చేయించడం మాత్రమే కాదు. ఎవరి చేతిపని వారిదేనని లోకం ముందు నిలబడి చెప్పడం కూడా.

ఇక్కడొక చిక్కు ఉంది. లావో సంస్కృతి అని మనం సులువుగా అంటున్నాం. లావోస్ ప్రభుత్వమే అధికారికంగా 50 జాతులను గుర్తించింది. ఇంట్లో లావో మాట్లాడేవాళ్లు దేశంలో దాదాపు సగం మందే. కొండల్లోని ఖ్ము పిల్లవాడికీ హ్మోంగ్ పిల్లకీ బడిలోని లావో కూడా పరభాషే. లావో పుస్తకం చూసి మనం సంతోషిస్తాం, ఆ బిడ్డ మాత్రం దాన్ని మొదట పలక మీది కొత్త గీతలుగానే చూస్తుంది. ఎవరి సంస్కృతిని కాపాడుతున్నామని అడిగేసరికి, మనం సాయం చేస్తున్నవాళ్లలోనే బలమైన భాషా బలహీనమైన భాషా కనిపిస్తాయి. ఈ సంగతి తెలుసుకోవడానికి మనం మెకాంగ్ దాకా పోనక్కర్లేదు. మన నిర్మల్ రోడ్డు ఎక్కి సోన్ దగ్గర గోదావరి వంతెన దాటితే చాలు.

నది అవతల ఉట్నూరు, జైనూరు, నార్నూరు కొండల్లో గోండులు ఉన్నారు. గోండి మన తెలుగుకు దగ్గరి చుట్టం, ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో దానికి చోటు లేదు. లావో భాషకు దాని వెనక ఒక దేశం నిలబడి ఉంది. గోండి రాష్ట్రాల సరిహద్దుల మధ్య తునకలు తునకలుగా ఉంది. తెలంగాణలో తెలుగు, మహారాష్ట్రలో మరాఠీ, ఛత్తీస్‌గఢ్‌లో హిందీ దాని మీద కప్పేశాయి. మనం కప్పిన భాష అది, మనమే.

1940లో జోడేఘాట్‌లో, గోండుల తిరుగుబాటును నడిపిన కొమురం భీమ్‌ను నిజాం పోలీసులు చంపారు. ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఒక పరిశోధకుణ్ణి పంపింది. ఆయన వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం వల్ల అప్పటికే శత్రుదేశపు పౌరుడయ్యాడు, బ్రిటిషువారు హైదరాబాదు సంస్థానం దాటి వెళ్లనివ్వలేదు. జైనూరు దగ్గరి మార్లవాయిలో గుడిసె వేసుకుని భార్య బెట్టీతో కాపురం పెట్టాడు. గోండుల భూములకు పట్టాలు ఇప్పించాలని ప్రభుత్వంతో పోట్లాడాడు. ఆ భూమి సంగతి ఇంకో సభకు సరిపోయేంత ఉంది. ఇవాళ నేను బడి దగ్గరే ఆగుతాను.

1943లో మార్లవాయిలో గోండు పిల్లల చదువుకు పథకం మొదలైంది. మొదటి అడ్డంకి పలకలో పుస్తకాలో కాదు, పంతుళ్లు. చదువు వచ్చిన గోండులు దాదాపు లేరు. బయటి పంతుళ్లను పంపితే గోండి రాదు, అడవిలో నిలవరు. అందుకని మరాఠీ అక్షరాలు కాస్త వచ్చిన గోండు యువకులను వెతికి పట్టుకుని, మార్లవాయిలోనే ఉంచి పంతుళ్లుగా తయారుచేశారు. గోండిలో వాచకాలు రాయించారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో చదువు మరాఠీలో ఉండేది కాబట్టి వాటిని నాగరి అక్షరాల్లో అచ్చువేశారు. పిల్లలు ముందు గోండిలో చదవడం నేర్చి, ఆ తర్వాత పెద్ద భాషకు వెళ్లాలన్నది ఆలోచన. చుట్టుపక్కల గూడేలలో బళ్లు పెరిగాయి. గోండు బిడ్డకు పాఠం చెప్పినవాడు గోండు పంతులే, తల్లి మాట్లాడే భాషలోనే చెప్పాడు. 80 ఏళ్ల కిందట, మన జిల్లాకు ఆనుకుని ఉన్న కొండల్లో జరిగిన సంగతి ఇది. ఇప్పుడు ప్రపంచంలోని విద్యావేత్తలు కొత్తగా చెబుతున్నట్టుగా చెప్పే పద్ధతి అక్కడ అప్పుడే నడిచింది.

తర్వాత ఏమైంది? 1948లో నిజాం పాలన పోయింది, 1956లో భాషా రాష్ట్రాలు వచ్చాయి. మనకు తెలుగు రాష్ట్రం వచ్చిందని మనం పండగ చేసుకున్నాం. గోండు బడిలో మాత్రం గోండి పోయి, తెలుగు వచ్చింది. పిల్లలు బడి మానేస్తే తెలివి లేదన్నారు. పాఠం అర్థం కాలేదని అడిగినవాళ్లు తక్కువ. ఎవరో చెడ్డవాళ్లు కూర్చుని చేసిన పని కాదు. పాలనకు సులువైన భాష బడికీ చాలుననుకున్నారు. 2003-04లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గోండి, కోలామీ, కోయ, సవర, లంబాడి వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. వాచకాలు వచ్చాయి, ఆ భాషల ఉపాధ్యాయులను తీసుకున్నారు. మంచి మనసుతో మొదలైన పని. పథకం వెళ్లిపోగానే బళ్లో భాష కూడా వెళ్లిపోతుందన్నదే ఇలాంటి ప్రయత్నాల బలహీనత. ప్రభుత్వాలు మారినా ఏటేటా వచ్చే చిన్న వడ్డీ లాంటి సాయం విలువ అక్కడే తెలుస్తుంది.

మార్లవాయి అంతటితో అయిపోలేదు. బెట్టీ 1987లో హైదరాబాదులో చనిపోయారు, ఆమెను మార్లవాయిలో ఖననం చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో పోయారు. ఊరివాళ్లు వాళ్లిద్దరినీ ఇప్పటికీ తమ పెద్దలుగా తలుచుకుంటారు. అదే ఊరి కనకరాజుకు గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. దీపావళి దండారీలో నెమలి ఈకల కిరీటంతో ఆడే ఆ నృత్యాన్ని ఎన్నో ఊళ్ల కుర్రాళ్లకు ఆయన నేర్పారు. 2024లో ఆయన కన్నుమూశారు. గోండుల వంశగాథలను కిక్రి అనే వాద్యం వాయిస్తూ పాడే ప్రధాన్ గాయకులలో ఇప్పుడు చిన్నవాళ్లు ఎంతమంది ఉన్నారని ఆ కొండలకు వెళ్లి అడగండి. కనకరాజు అంతటివారు పోయాక మనం పత్రికల్లో నివాళి రాస్తాం. ఆయన దగ్గర నేర్చుకోవలసిన కుర్రవాడు బతుకుతెరువు కోసం ఇంకెక్కడో ఉంటాడు.

నార్నూరు మండలంలోని గుంజాలలో మరో అపురూపమైన సంగతి. ఆ ఊళ్లో పాత చేతిరాత ప్రతులు ఇళ్లలో మిగిలాయి. అవి గోండికి సొంతమైన లిపిలో ఉన్నాయని 2006 ప్రాంతంలో హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన బృందం వెలుగులోకి తెచ్చింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు ఆ పనికి ఎంతో శ్రమపడ్డారు. అప్పటికి ఆ అక్షరాలు చదవగలిగినవాళ్లు ఊళ్లో కొద్దిమంది పెద్దలే. వాళ్లు పిల్లలకు నేర్పారు, అక్షరాలకు ఫాంటు తయారైంది. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ లిపిని ఏ కంప్యూటర్లోనైనా రాసే వీలు కలిగింది. ఊళ్లోని కొందరు ముసలివాళ్ల జ్ఞాపకంలో మాత్రమే మిగిలిన ఒక లిపి, పన్నెండేళ్లలో ప్రపంచ అక్షరాల వరసలో నిలబడింది. అయితే లిపి బతకాలంటే దానిలో పిల్లలు చదువుకునే కథలు కావాలి. బొమ్మలు వేసేవాళ్లు కావాలి, వాటిని అచ్చువేసే ఖర్చు కావాలి. లువాంగ్ ప్రబాంగ్‌లో జరుగుతున్న పని ఇక్కడా జరగాలి.

పిల్లల విషయంలో ఈ ప్రాంతం చేతగానిది కాదని చెప్పడానికి వేల్పూరు చాలు. ఆర్మూరు పక్క మండలం. 2001లో కలెక్టరు జి. అశోక్ కుమార్, ఊళ్ల సర్పంచులు, ఉపాధ్యాయులు, యువజనులు కలిసి మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగారు. బడి ఈడు పిల్లల్లో ఒక్కరు కూడా పనికి పోకూడదన్నది పట్టుదల. పిల్లల్ని పనిలో పెట్టుకున్న యజమానులు, ఆ పిల్లల తల్లిదండ్రుల అప్పులు, అసలూ వడ్డీ కలిపి, అందరి ముందూ మాఫీ చేశారు. ఆ మొత్తం 35 లక్షల రూపాయల దాకా ఉంది. ఆ అక్టోబరు 2న వేల్పూరును బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. ఆ అప్పు వదులుకున్నది ఏ పెద్ద ఫౌండేషనూ కాదు. మన రైతులూ మన వ్యాపారులే. నాకు తెలిసి ఇంతకంటే మంచి దానం ఈ గడ్డ మీద తక్కువ. మామిడిపూడి వెంకటరంగయ్య పేరున 1981లో వెలసిన స్మారక ఫౌండేషను, శాంతా సిన్హా నాయకత్వంలో, రంగారెడ్డి జిల్లాలో పిల్లలను పని నుంచి బడికి తెచ్చే పనిని ఉద్యమంగా మార్చింది. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఒక చరిత్రకారుడి జ్ఞాపకార్థం పెట్టిన సంస్థ అంతమంది పిల్లల జీవితాలను తిప్పింది కాబట్టి, స్మారక నిధులు ఏమి చేయగలవనే ప్రశ్నకు మనం ఇంకెక్కడా జవాబు వెతకనక్కర్లేదు.

ఇప్పుడు లావోస్‌కు మనం ఏం చేయగలం అన్న మాట. ముందు చట్టం సంగతి. మన దేశంలోని ధర్మాదాయ సంస్థ తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చుపెడితే ఆ మొత్తానికి పన్ను మినహాయింపు మామూలుగా పోతుంది. అందుకు ప్రత్యక్ష పన్నుల బోర్డు ముందస్తు అనుమతి కావాలి. కాబట్టి ఈ నిధి వడ్డీని నేరుగా లావోస్‌కు పంపడం తేలిక కాదు. ఒక వ్యక్తిగా ఎవరైనా బ్యాంకు ద్వారా పంపవచ్చు, రిజర్వు బ్యాంకు అనుమతించిన పరిధి సాధారణ మనిషికి ఎంతో ఎక్కువే. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న మన పిల్లలకు ఇంకా సులువు. అమెరికాలో 2007 నుంచి మనబడి పెట్టి తమ పిల్లలకు తెలుగు నేర్పుతున్న తల్లిదండ్రులకు, టోక్యోలో కూర్చుని లావో అక్షరాలు అతికించిన ఆ మహిళ మనసు మనకంటే బాగా అర్థమవుతుంది. ఒక తెలుగు కుటుంబం లావోస్‌లో ఒక కొండ ఊరి పుస్తకాల పండగకు ఖర్చు పెట్టుకుంటే, ఆ ఊరి పిల్లలకు పుస్తకం ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోయినా ఫరవాలేదు.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. అనాథాశ్రమం పేరు చెప్పగానే మన మనసు కరుగుతుంది. ఆగ్నేయాసియాలోనూ మన దేశంలోనూ ఆశ్రమాల్లో ఉన్న చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం వల్ల వదిలారు, అంతే. దాతలు, సందర్శకులు పెరిగేకొద్దీ ఆశ్రమాలు పెరుగుతాయి, బిడ్డ ఇంటికి దూరమవుతుంది, ఇంటి భాషకు దూరమవుతుంది. అందుకే పిల్లవాడు తన ఊళ్లోనే, తన వాళ్ల దగ్గరే ఉంటూ చదువుకునేలా చేసే సంస్థను వెతకండి. బడికి, పుస్తకానికి, అవ్వ చేతి నేతకు, ఊరి పంతులు శిక్షణకు ఇవ్వండి. ఎవరి కోసం పనిచేస్తోందో ఆ మనుషులు సంస్థలో నిర్ణయాలు చేసే చోట ఉన్నారా అని అడగండి. వార్షిక లెక్కలు చూపమనండి. సిగ్గుపడనక్కర్లేదు, మన గ్రామాభివృద్ధి కమిటీ ముందు పైసా పైసా లెక్క అడిగే అలవాటు ఈ ప్రాంతానికి ఉన్నదే.

నిధి ట్రస్టు పెద్దలకు నా విన్నపం ఇది. ఈ ఏటి వడ్డీతో మార్లవాయి, గుంజాల ప్రాంతపు గోండు ఉపాధ్యాయులను, పాటగాళ్లను ఇక్కడికి పిలిపించి మూడు రోజులు కూర్చోబెట్టండి. వాళ్లే చెప్పిన కథలతో, వాళ్ల పిల్లలే వేసిన బొమ్మలతో, గుంజాల లిపిలోనూ తెలుగు లిపిలోనూ ఒక చిన్న గోండి పుస్తకం వేయించండి. కథ ఎంపిక, బొమ్మల ఎంపిక, అచ్చుకు ఒప్పుకోవడం, మూడూ వాళ్ల చేతిలో ఉండాలి. మన పేరు లోపలి పేజీలో చిన్నక్షరాల్లో ఉంటే చాలు. ఆర్మూరు బళ్లలో చదువుతున్న లంబాడి పిల్లలకు వాళ్ల భాషలో ఒక పుస్తకం వచ్చే ఏడు. లావోస్‌కు సొంతంగా పంపదలచినవాళ్ల పేర్లు ఈ సాయంత్రం నా దగ్గర రాయించండి, బ్యాంకు కాగితాల పని నేను చూసిపెడతాను. దీపావళికి దండారీ బృందాలు ఊరూరా తిరిగే రోజులకు గోండి పుస్తకం సిద్ధమైతే, ఆ గూడేలలోనే పంచవచ్చు.